పాత నీటి తిత్తి పక్కన కొత్తగా లింఫోమా అనుమానం: ముక్క పరీక్షకు ముందు స్టెరాయిడ్ మొదలుపెట్టవచ్చా?

గోదావరి గట్టు

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి అరవై నాలుగేళ్లు. ప్రభుత్వ జూనియర్ కళాశాలలో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేశారు. మేము రాజమండ్రిలో ఉంటాం. 2016లో ఆయన స్కూటరు మీద నుంచి పడినప్పుడు తీసిన సీటీ స్కానులో ఎడమ కణత లోపలివైపు నీటి తిత్తి ఒకటి కనిపించింది. అది పుట్టుకతో వచ్చిన అరక్నాయిడ్ తిత్తి అనీ, దాన్ని ముట్టుకోనక్కర లేదనీ అప్పటి డాక్టరుగారు చెప్పారు. మేమూ ఆ సంగతి మరిచిపోయాం.

ఈమధ్య ఆయన తీరు మారింది. లెక్కల మాస్టారై ఉండి పాలవాడికి నెల లెక్క కట్టలేక కాగితం నా చేతికి ఇచ్చేశారు. మాట మధ్యలో ఆగిపోతారు, తెలిసిన మనుషుల పేర్లు తడుముకుంటారు, కుడికాలు కొద్దిగా ఈడుస్తూ నడుస్తున్నారు. మొదట చూపించిన చోట పాత తిత్తి సంగతి చెప్పగానే, అదే పెరిగి మెదడును నొక్కుతోందని నిర్ధారించేసి, నరాల బలానికి మాత్రలు రాసి, తగ్గకపోతే నీరు తీయిద్దామన్నారు. కొన్ని వారాలు అలా గడిచిపోయాక మేమే పట్టుబట్టి ఎంఆర్ఐ తీయించాం.

రిపోర్టులో ఉన్నది ఇది: ఎడమ టెంపొరల్ భాగం ముందు అరక్నాయిడ్ తిత్తి, గలాస్సీ రెండో రకం. దానితో సంబంధం లేకుండా ఎడమ జఠరిక (మెదడు లోపల ద్రవం ఉండే గది) పక్కనుంచి, మెదడు రెండు సగాలను కలిపే కార్పస్ కలోసమ్ వెనుక భాగంలోకి పాకుతున్న సుమారు మూడు సెంటీమీటర్ల గడ్డ, చుట్టూ వాపు. లింఫోమా (లింఫోసైట్లు అనే తెల్లకణాల క్యాన్సరు) కావచ్చు, హై గ్రేడ్ గ్లయోమాను (మెదడు కణజాలంలోనే పుట్టే తీవ్రమైన క్యాన్సరును) కూడా తోసిపుచ్చలేం అని చివర రాశారు.

పాత తిత్తే ఇలా క్యాన్సరుగా మారిందా? రెండింటినీ ఒకే ఆపరేషన్‌లో తీసేయవచ్చా? వాపు తగ్గడానికి ఒకరు డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ రాసిచ్చారు. మరొక డాక్టరుగారు ఫోనులో, గడ్డ నుంచి పరీక్షకు ముక్క (బయాప్సీ) తీసేదాకా ఆ మాత్ర వేయవద్దన్నారు. నాన్నగారు స్పృహలోనే ఉన్నారు, అన్నం తింటున్నారు, వాంతులు లేవు. మందులు తెచ్చి పెట్టుకున్నాం గాని ఇంకా వేయలేదు. ఎవరి మాట వినాలో తెలియక రాస్తున్నాను.

మండపేట మూర్తి

ధైర్యంగా ఉండండి. నా అభిప్రాయమైతే ఎలాగూ తల తెరుస్తారు కనుక రెండూ ఒకేసారి తీయించేయడమే మేలు. ఇప్పుడు ఒకటి, ఏడాది తర్వాత ఇంకొకటి అని ఆ వయసు మనిషిని రెండుసార్లు బల్ల మీద పడుకోబెట్టడం దేనికి? స్టెరాయిడ్ విషయం నాకు తెలియదు, తెలిసినవాళ్లు చెప్పాలి.

ఛాయాదర్శి (రేడియాలజిస్టు)

మొదటి ప్రశ్నకు జవాబు సూటిగానే చెప్పవచ్చు. అరక్నాయిడ్ తిత్తి లింఫోమాగా మారదు. ఆ తిత్తి మెదడును కప్పి ఉంచే పలుచని పొర పుట్టుకలోనే రెండుగా చీలి, మధ్యలో మెదడు చుట్టూ ఉండే ద్రవమే నిలిచిపోవడంవల్ల ఏర్పడుతుంది. పెద్దవాళ్లకు ఏ కారణం చేతనో తీసిన ఎంఆర్ఐలన్నీ పరిశీలిస్తే నూటికి ఒకరిద్దరిలో ఇది బయటపడుతుంది. వాటిలో ఎక్కువ భాగం మీ నాన్నగారికి ఉన్నచోటే, అంటే కణత లోపలి గుంటలోనే, అందులోనూ కుడివైపు కంటే ఎడమవైపే ఉంటాయి. గలాస్సీ అనే ఇటలీ వైద్యుడు 1982లో వాటిని పరిమాణాన్నీ, పక్కనున్న మెదడు మీద పడే ఒత్తిడినీ బట్టి మూడు రకాలుగా విభజించాడు. రెండో రకం మధ్యస్థం.

మీ చేతిలో ఉన్న సీడీని కంప్యూటరులో తెరిచి ఫ్లెయిర్ అనే వరుస చూడండి. తిత్తి ఉన్నచోటు పూర్తిగా నల్లగా, అంచులు నునుపుగా, జఠరికల్లోని ద్రవం ఏ నలుపులో ఉందో సరిగ్గా అదే నలుపులో కనిపిస్తుంది. దానికి పైన, లోపలివైపు బూడిదరంగులో ఒక ముద్దా, ఆ ముద్ద చుట్టూ వేళ్లు చాచినట్టు తెల్లని వాపూ ఉంటాయి. ఆ తెలుపు తిత్తి చుట్టూ లేదని గమనించండి. కాంట్రాస్ట్ మందు నరంలోకి ఎక్కించాక తీసిన చిత్రంలో ముద్ద అంతా ఒకే తీరుగా వెలుగుతుంది, తిత్తి గోడ మాత్రం వెలగదు. డిఫ్యూజన్ చిత్రంలోనూ అంతే: కణాలు కిక్కిరిసి ఉండడంవల్ల నీటి అణువులు కదలలేని చోటు, అంటే గడ్డ, తెల్లగా మెరుస్తుంది. తిత్తి మెరిస్తే అది అరక్నాయిడ్ తిత్తి కాదనీ, ఎపిడెర్మాయిడ్ అనే మరో రకం తిత్తి అనీ అనుమానించేవాళ్లం.

అసలు చేయవలసిన పని ఒకటుంది. 2016 నాటి ఫిల్ములు ఇంట్లో ఉంటే తిత్తి కొలతలను ఇప్పటి కొలతలతో పోల్చి చూపించమని అడగండి. పరిమాణం మారకపోతే కొత్త లక్షణాలకు తిత్తిని బాధ్యురాలిని చేయడానికి ఆధారమే లేదు. పాత రోగం ఒకటి ఫైలులో రాసి ఉంటే కొత్త బాధలన్నిటినీ దాని ఖాతాలో వేయడం మా వృత్తిలో తరచుగా జరిగే పొరపాటు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

గోదావరి గట్టు

ఛాయాదర్శిగారూ, అటక మీద పాత ఫిల్ములు దొరికాయి. స్కాన్ సెంటర్‌లో ఇచ్చి పోల్పించాం. తిత్తి అప్పుడూ నాలుగు సెంటీమీటర్ల పైచిలుకే, ఇప్పుడూ అంతే. పాత సీటీలో గడ్డ జాడే లేదని కూడా రాసిచ్చారు.

విశాఖ కత్తి (న్యూరోసర్జన్)

అలాగైతే తిత్తిని పక్కన పెట్టి గడ్డ సంగతి చూద్దాం. రోగిని చూడకుండా రాస్తున్నాను కనుక తుది మాట మీ డాక్టరుదే. అయితే ఫోనులో మీకు స్టెరాయిడ్ వద్దన్న ఆయన చెప్పింది సరైన మాట.

మెదడులోనే పుట్టే లింఫోమా మెదడు గడ్డలన్నిటిలో నూటికి రెండు నుంచి నాలుగు మాత్రమే ఉంటుంది. తక్కిన గడ్డల్లో స్టెరాయిడ్ చుట్టూ ఉన్న వాపును తగ్గిస్తుందే గాని గడ్డ జోలికి పోదు. లింఫోమాలో మాత్రం గడ్డ కణాలే లింఫోసైట్లు కావడంవల్ల స్టెరాయిడ్ తగలగానే అవి చచ్చిపోవడం మొదలవుతుంది, కొందరిలో కొద్దిరోజుల్లోనే గడ్డ స్కానులో కనిపించకుండా పోతుంది. ఇంటివాళ్లు సంతోషిస్తారు, రోగి లేచి తిరుగుతాడు. ఆ దశలో ముక్క తీస్తే చనిపోయిన కణాలు, వాటిని తినడానికి వచ్చిన మాక్రోఫేజ్‌లు మాత్రమే దొరికి, రిపోర్టు నిర్ధారణకు పనికిరాకుండా వస్తుంది. వారాలు, నెలలు గడిచాక గడ్డ అక్కడో మరోచోటో మళ్లీ లేస్తుంది. ఇదివరకే స్టెరాయిడ్ వాడేసినవాళ్లకు సాధారణంగా దాన్ని క్రమంగా ఆపి, దగ్గరగా స్కానులు తీస్తూ, గడ్డ తిరిగి కనిపించగానే ముక్క తీస్తాం. మీరు ఇంకా మొదలుపెట్టలేదు కనుక మీకు ఆ చిక్కు లేదు.

దీనికొక మినహాయింపు ఉంది, దాన్ని ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. మత్తుగా పడి ఉండడం, ఆగని వాంతులు, ఒక కంటిపాప పెద్దది కావడం, శ్వాసలో తేడా వంటివి వస్తే నిర్ధారణ కోసం ఆగకూడదు. అది ప్రాణాపాయం. వెంటనే అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. అవసరమైతే అక్కడ మెదడులో ఒత్తిడి తగ్గించే మానిటాల్ వంటివి ఇచ్చి, చాలకపోతే స్టెరాయిడ్ కూడా ఇస్తారు. ప్రాణం నిలబడ్డాక నిర్ధారణ సంగతి.

మూర్తిగారి ప్రశ్నకూ జవాబు చెప్పాలి. లింఫోమా అనుమానం బలంగా ఉన్నప్పుడు తల తెరిచి గడ్డ మొత్తం తీయడానికి సాధారణంగా పూనుకోం. స్కానులో మూడు సెంటీమీటర్లు కనిపించినా దాని కణాలు రక్తనాళాల చుట్టూ చాలా దూరం పాకి ఉంటాయి. పైగా ఈయనకున్న చోటు రెండు అర్ధగోళాలను కలిపే నరాల మార్గం. అక్కడ కోస్తే మిగిలేది వైకల్యమే. ఈ జబ్బు కత్తికి లొంగదు, మందుకు లొంగుతుంది. కనుక స్టీరియోటాక్టిక్ బయాప్సీ చాలు. తలకు చట్రం బిగించి గాని, న్యూరో నావిగేషన్ సాయంతో గాని, పుర్రెకు ఒక చిన్న రంధ్రం చేసి, సన్నని సూదితో బియ్యపు గింజంత ముక్కలు కొన్ని తీస్తారు. రక్తస్రావం జరిగే అవకాశం తక్కువే గాని సున్నా కాదు; సంతకం పెట్టేముందు ఆ మాట అడిగి తెలుసుకోండి. రక్తం గడ్డకట్టకుండా వాడే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటివి వేసుకుంటున్నారేమో ముందే చెప్పండి.

తిత్తికి ఇక్కడ ఒకే ఒక్క ప్రమేయం ఉంది. సూది దారి తిత్తి గుండా పోకూడదు. పోతే అందులోని ద్రవం కారి, మెదడు కొద్దిగా జరిగి, మనం లెక్కగట్టుకున్న గురి కొన్ని మిల్లీమీటర్లు తప్పవచ్చు. ప్లాను వేసేటప్పుడు పైనుంచి, వెనుకవైపు నుంచి దారి ఎంచుకుంటే సరిపోతుంది.

ఖమ్మం కోడలు

మా మామగారి అనుభవం ఇక్కడ పనికివస్తుందని రాస్తున్నాను. ఆయన మెదడులో గడ్డ కనబడగానే టీబీ గడ్డ కావచ్చని అనుకుని, ముక్క పరీక్ష లేకుండానే టీబీ మందులతోపాటు స్టెరాయిడ్ మొదలుపెట్టారు. మన ప్రాంతంలో టీబీ ఎక్కువే కనుక ఆ ఆలోచన అసంగతమని ఇప్పటికీ అనను. ఆయన చక్కగా కోలుకున్నారు, తర్వాతి స్కానులో గడ్డ బాగా తగ్గింది, టీబీ మందు పనిచేసిందని అందరం నమ్మాం. స్టెరాయిడ్ మోతాదు తగ్గిస్తూ వచ్చేసరికి గడ్డ మరోచోట లేచింది. అప్పుడు ముక్క తీస్తే లింఫోమా. తగ్గించింది టీబీ మందు కాదనీ, దానితోపాటు ఇచ్చిన స్టెరాయిడ్ అనీ అప్పుడు తెలిసింది. మీరు ఆగి మంచిపని చేశారు.

ఛాయాదర్శి (రేడియాలజిస్టు)

ఖమ్మం కోడలుగారు చెప్పినది మన దేశంలో ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన విషయం. టీబీ గడ్డలు సాధారణంగా అంచు మాత్రమే ఉంగరంలా వెలుగుతూ, ఒకటికి మించి ఉంటాయి. రోగనిరోధక శక్తి మామూలుగా ఉన్నవారిలో లింఫోమా గడ్డ అంతా నిండుగా వెలుగుతుంది. హెచ్ఐవీ ఉన్నవారిలో మాత్రం లింఫోమా కూడా ఉంగరంలా కనిపించి, టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఇన్‌ఫెక్షన్ నుంచి దాన్ని వేరుచేయడం కష్టమవుతుంది. రక్తంలో చేసే టీబీ పరీక్ష పాజిటివ్ వచ్చినంత మాత్రాన తలలోనిది టీబీ అని తేలదు. ఎప్పుడో చిన్నప్పుడు సోకి నిద్రాణంగా ఉన్న టీబీకి కూడా అది పాజిటివ్ వస్తుంది.

ఒక చిన్న హెచ్చరిక కూడా చేస్తాను. తలలో తిత్తి అనగానే కొందరు బంధువులు బద్దెపురుగు గుడ్లవల్ల వచ్చే సిస్టిసర్కోసిస్ అనుకుని దాని మందులు సూచిస్తారు. మీ నాన్నగారి తిత్తికీ దానికీ సంబంధం లేదు. బద్దెపురుగుకు ఇచ్చే మందుల కోర్సులోనూ స్టెరాయిడ్ ఉంటుందని మరవకండి.

బుజ్జి వాళ్లమ్మ

అరక్నాయిడ్ తిత్తికి ఎప్పుడూ ఆపరేషన్ అక్కర లేదని చదివేవారు అనుకుంటారేమోనని ఈ మాట రాస్తున్నాను. మా అమ్మాయికి అదే కణత భాగంలో తిత్తి ఉండేది. తలనొప్పితో మొదలై, కంటి నరం వాచిందని కంటి డాక్టరు చెప్పాక, స్కానులో తిత్తి పెరిగిందని తేలాక, ఎండోస్కోపు ద్వారా తిత్తి గోడకు కిటికీ పెట్టి ద్రవం బయటి ద్రవంలో కలిసేలా చేశారు. ఇప్పుడు బడికి వెళ్తోంది. అంటే పెరుగుదలకూ ఒత్తిడికీ రుజువు ఉన్నప్పుడే ఆపరేషన్ చేశారు. అటువంటి రుజువు మీ నాన్నగారికి లేదు కదా. అయితే తలకు గట్టి దెబ్బ తగలకుండా చూసుకోండి. అరుదుగానే అయినా తిత్తి పక్కన రక్తం చేరే అవకాశం ఉంటుందని మాకు చెప్పారు. కాలు ఈడుస్తున్నారన్నారు కనుక స్నానాల గదిలో జాగ్రత్త అవసరం.

గోదావరి గట్టు

అందరికీ కృతజ్ఞతలు. బయాప్సీ అయింది. రక్తస్రావం ఏమీ లేదు, మర్నాడే లేచి కూర్చున్నారు. బల్ల మీద ఉండగానే తీసిన మొదటి ముక్కను పరీక్షించి, పనికివచ్చే కణజాలమే వచ్చిందని నిర్ధారించుకున్నాకే ముగించారట. తర్వాత వచ్చిన రిపోర్టులో డిఫ్యూజ్ లార్జ్ బీ సెల్ లింఫోమా అని ఉంది. సీడీ20 పాజిటివ్, కేఐ67 తొంభై శాతం అని రాశారు. ఆ తొంభై అంకె చూసి అమ్మ అన్నం మానేసింది. శరీరం అంతటికీ పెట్ స్కాను, కంటి పరీక్ష, వృషణాల అల్ట్రాసౌండు, హెచ్ఐవీ పరీక్ష చేయించమన్నారు. మెదడు జబ్బుకు ఇవన్నీ ఎందుకో మాకు అర్థం కాలేదు. హెచ్ఐవీ పరీక్ష అనేసరికి బాబాయి గొడవపడ్డారు కూడా.

సూక్ష్మదర్శిని (పాథాలజిస్టు)

కేఐ67 అనేది గడ్డలో ఎన్ని కణాలు విభజన చెందే దశలో ఉన్నాయో చెప్పే అంకె. అది జబ్బు ఎంత ముదిరిందో చెప్పే అంకె కాదు, బతికే అవకాశానికి కొలత అంతకన్నా కాదు. ఈ రకం లింఫోమాలో అది ఎనభై, తొంభై ఉండడం మామూలే. వేగంగా విభజన చెందే కణాల మీదే కీమో మందు బాగా పనిచేస్తుందని అమ్మగారికి చెప్పండి. సీడీ20 పాజిటివ్ అంటే ఆ కణాల పైపొర మీద రిటుక్సిమాబ్ అనే మందు అతుక్కునే ప్రొటీను ఉందని అర్థం.

మిగతా పరీక్షలకు కారణాలున్నాయి. మెదడులో కనిపించిన లింఫోమా అక్కడే పుట్టిందా, లేక శరీరంలో మరెక్కడో పుట్టి అక్కడికి చేరిందా అన్నది తేల్చకుండా చికిత్స నిర్ణయించలేరు. పెద్దవయసు మగవారిలో వృషణాల్లో పుట్టే లింఫోమాకు మెదడుకు పాకే స్వభావం ఉంది, పెట్ స్కానులో అది కొన్నిసార్లు దొరకదు, అందుకే అల్ట్రాసౌండు. కన్ను కూడా మెదడుకు కొనసాగింపే. ఈ జబ్బు వచ్చినవారిలో దాదాపు ఐదుగురిలో ఒకరికి కంటిలోపల కూడా కణాలు ఉంటాయి, చూపు బాగానే ఉన్నా కంటి డాక్టరు వాడే స్లిట్ ల్యాంప్ అనే పరికరం కింద అవి కనబడతాయి. హెచ్ఐవీ పరీక్ష ఎవరి నడవడి మీదా అనుమానంతో చేసేది కాదు. ఈ గడ్డ వచ్చిన ప్రతి ఒక్కరికీ ప్రపంచమంతటా చేస్తారు, ఎందుకంటే ఫలితాన్ని బట్టి చికిత్స మారిపోతుంది. హెపటైటిస్ బీ పరీక్ష కూడా అడుగుతారు. ఆ వైరస్ లోపల దాగి ఉంటే రిటుక్సిమాబ్‌తో తిరగబెడుతుంది.

ముక్కలున్న మైనపు దిమ్మలనూ స్లైడ్లనూ ఆసుపత్రి నుంచి అడిగి తీసుకోవచ్చు. మరొక అభిప్రాయం కావాలనిపిస్తే బెంగళూరు నిమ్‌హాన్స్ న్యూరోపాథాలజీ విభాగం గాని, ముంబయి టాటా మెమోరియల్ గాని వాటిని చూసి చెబుతాయి. రోగిని తీసుకుపోనక్కర లేదు.

నల్గొండ రామం

మా ఆవిడకు ఇదే జబ్బు చాలా ఏళ్ల క్రితం వచ్చింది. అప్పుడు తల మొత్తానికి రేడియేషన్ మాత్రమే ఇచ్చారు. గడ్డ వెంటనే కరిగింది, మనిషి ఇంటికి వచ్చింది. ఏడాది తిరిగేసరికి నడక తప్పింది, మూత్రం ఆపుకోలేకపోయేది, నన్ను గుర్తుపట్టేది గాని తను పొద్దున తిన్నదీ లేనిదీ గుర్తుండేది కాదు. స్కానులో గడ్డ లేదు. అది రేడియేషన్ ప్రభావమని చెప్పారు. మీకూ రేడియేషన్ ముందే ఇద్దామంటే ఒకటికి రెండుసార్లు అడగండి.

డల్లాస్ ఫార్మసీ (క్యాన్సర్ విభాగంలో ఫార్మసిస్టు, స్వస్థలం తెనాలి)

రామంగారూ, మీరు రాసినది చదివి మనసు కలుక్కుమంది. మీరు వర్ణించిన నష్టం అరవై దాటినవారిలో మరీ ఎక్కువ. అందుకే ఇప్పుడు తల మొత్తానికి రేడియేషన్‌ను మొదటి చికిత్సగా వాడడం తగ్గింది. మూత్రపిండాలు కీమోకు తట్టుకోలేని స్థితిలో ఉన్నవారికి అది ఇప్పటికీ ఒక దారే. ఒక్క రేడియేషన్‌తోనే సరిపెట్టిన రోజుల్లో గడ్డ కరిగినా సగంమంది ఏడాది, ఏడాదిన్నర మించి బతికేవారు కాదు.

ఇప్పటి చికిత్సకు మూలాధారం హై డోస్ మెథోట్రెక్సేట్, అంటే ఆ కీమో మందును చాలా పెద్ద మోతాదులో ఇవ్వడం. శరీరంలో వచ్చే లింఫోమాకు వాడే ఆర్‌-చాప్ అనే మందుల కలయిక ఇక్కడ పనిచేయదు, ఆ మందులు రక్తం నుంచి మెదడులోకి సరిగా దాటలేవు. మెథోట్రెక్సేట్ కూడా మామూలు మోతాదులో దాటదు. కీళ్లవాతానికి వారానికొకసారి వేసుకునే మోతాదు 7.5 నుంచి 25 మిల్లీగ్రాములు. ఇక్కడ చదరపు మీటరు శరీర వైశాల్యానికి 3 గ్రాములు, ఆపైన ఇస్తారు. అంటే నాన్నగారి ఒంటికి ఒక్కసారికి సుమారు ఐదు గ్రాములు. విరుగుడు ఇవ్వకపోతే ప్రాణం తీసే మోతాదు ఇది. కొద్ది గంటల్లో మందు ఎక్కించి, మొదలుపెట్టిన ఇరవై నాలుగు గంటలకు ల్యూకోవోరిన్ అనే విరుగుడు ప్రారంభించి, రక్తంలో మందు స్థాయి 0.1 మైక్రోమోల్ కంటే దిగువకు పడేదాకా దాన్ని కొనసాగిస్తారు. కనుక మీరు ఆసుపత్రిని ఎంచుకునేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న, మెథోట్రెక్సేట్ స్థాయి పరీక్ష అక్కడే చేస్తారా, ఫలితం అదేరోజు వస్తుందా అన్నది. రక్తం వేరే ఊరికి పంపి రెండు రోజులు ఆగే చోట ఈ మందు వేయించుకోవద్దని నా గట్టి సలహా.

మందు మూత్రం ద్వారా పోవాలి. మూత్రం ఆమ్లంగా ఉంటే అది కిడ్నీ గొట్టాల్లో స్ఫటికాలుగా పేరుకుపోతుంది. అందుకే సెలైన్‌తోపాటు సోడియం బైకార్బొనేట్ ఎక్కిస్తూ మూత్రం పీహెచ్ ఏడుకు తగ్గకుండా చూస్తారు. ఆ రోజుల్లో డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు, సెప్ట్రాన్ అనే యాంటీబయాటిక్, విటమిన్ సి, కూల్‌డ్రింకులు దగ్గరికి రానీయకండి. మన ఆసుపత్రుల్లో ప్రతి రోగికీ పొద్దున్నే కడుపులో ఆమ్లం తగ్గించే పాంటోప్రజోల్ ఒకటి ఇచ్చే అలవాటు ఉంది. అదికూడా మెథోట్రెక్సేట్ బయటికి పోవడాన్ని ఆలస్యం చేయవచ్చు, కనుక దాన్ని ఆపాలా అని డాక్టరును అడగండి. ఊపిరితిత్తుల చుట్టూ గాని, పొట్టలో గాని నీరు చేరి ఉంటే మందు అందులో దాగి నెమ్మదిగా తిరిగి వస్తుంది. ముందే చూసి తీసేయాలి.

గోదావరి గట్టు

పెట్ స్కానులో మరెక్కడా ఏమీ లేదు. కళ్లు బాగున్నాయి, హెచ్ఐవీ, హెపటైటిస్ నెగటివ్. మెథోట్రెక్సేట్, రిటుక్సిమాబ్‌తో మొదలుపెట్టి, ఒంటి తీరు చూసి సైటరబీన్, థయోటెపా అనే మరో రెండు కీమో మందులు కలుపుతామని అంటున్నారు. చివర మూలకణాల (స్టెమ్ సెల్స్) మార్పిడి అనే మాట కూడా విన్నాం. అరవై నాలుగేళ్ల మనిషికి అది సాధ్యమేనా? నాన్నగారి పింఛను కార్డు మీద ఈహెచ్ఎస్ (ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకం) ఉంది, అది ఎంతవరకు వర్తిస్తుందో తెలిసినవారు చెప్పగలరు.

డల్లాస్ ఫార్మసీ

మీరు చెప్పిన నాలుగు మందుల కలయికను మేట్రిక్స్ అంటారు. ఐఈఎల్ఎస్‌జీ32 అనే అంతర్జాతీయ పరిశోధనలో డెబ్బై ఏళ్ల వరకు ఉన్నవారి మీద దాన్ని పరీక్షించారు. ఆ నాలుగూ అందుకున్న గుంపులో ఏడేళ్ల తర్వాత నూటికి యాభై ఆరుమంది బతికి ఉన్నారు. పాత రోజుల ఏడాదిన్నరతో పోల్చి చూడండి. అయితే అందులో రక్తకణాలు పడిపోయి, ఇన్‌ఫెక్షన్లు వచ్చి మరణించినవారూ ఉన్నారు, కనుక ఒంటి తీరు చూసి కలుపుతామనడం సబబే. కీమో తర్వాత జబ్బును అదుపులో ఉంచడంలో తలకు రేడియేషన్, సొంత మూలకణాల మార్పిడి ఇంచుమించు సమానంగానే నిలిచాయి. జ్ఞాపకశక్తి, ఆలోచన విషయంలో మాత్రం మార్పిడి చేయించుకున్నవారు మెరుగ్గా ఉన్నారు. అరవై నాలుగు ఏళ్లకు అది అసాధ్యం కాదు. గుండె, కిడ్నీ, ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయో చూసి నిర్ణయిస్తారు, ఆ మాట ఇప్పుడే తేల్చుకోనక్కర లేదు.

ఖమ్మం కోడలు

కార్డు సంగతి. అనుబంధ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర కౌంటరు ఉంటుంది. చేరకముందే అక్కడికి వెళ్లి, బయాప్సీ రిపోర్టు, కీమో ప్లాను చూపించి, ఏ ప్యాకేజీ కింద ఎన్ని విడతలకు అనుమతి వస్తుందో అడగండి. మాకు మందులకు అనుమతి వచ్చింది గాని రక్తంలో మందు స్థాయి చూసే పరీక్షకు చేతి డబ్బు పెట్టుకోవలసి వచ్చింది. అనుమతి చాలకపోతే ఎస్టిమేటు కాగితంతో ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తు చేసి ఎల్‌ఓసీ (ఆసుపత్రికి ఇచ్చే ఖర్చు హామీ పత్రం) తెచ్చుకోవచ్చు. డబ్బు కట్టేశాక బిల్లులతో తిరగడం కంటే అది ముందే తెచ్చుకోవడం నయం.

గోదావరి గట్టు

మొదటి విడత పూర్తయింది. వార్డులో నర్సమ్మ ప్రతిసారీ మూత్రం పట్టిన డబ్బాలో కాగితపు పట్టీ ముంచి, సీసా మీది రంగుల వరుసతో పక్కపక్కన పెట్టి చూసి, ఆకుపచ్చ చాలినంత రాకపోతే బైకార్బ్ వేగం పెంచేది. రెండో రోజుకల్లా నాన్నగారే రంగు చూసి అంకె చెప్పడం మొదలుపెట్టారు. లెక్కలు ఆయన్ను పూర్తిగా వదిలిపోలేదని అమ్మకు కొంత ధైర్యం వచ్చింది. మందు స్థాయి నాలుగో రోజున 0.1 దిగువకు వచ్చింది, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరగలేదు. కాలు ఈడ్వడం తగ్గింది.

ఇప్పుడు రెండు చిన్న ప్రశ్నలున్నాయి. పంటినొప్పి అంటున్నారు, వచ్చే విడతకు ఇంకా సమయం ఉంది, ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర వేయవచ్చా? రెండో విడత తర్వాత తీసే ఎంఆర్ఐకి ఏమైనా జాగ్రత్త తీసుకోవాలా?

డల్లాస్ ఫార్మసీ

ఇంట్లో ఉన్నది డైక్లోఫెనాకో, ఐబుప్రొఫెనో అయితే వేయకండి. పారాసెటమాల్ వేయడానికి కూడా ముందు జ్వరం చూసి, అంకె రాసిపెట్టండి, లేకపోతే జ్వరం దాని కింద దాగిపోతుంది. 100.4 డిగ్రీలు దాటితే రాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లాలి. పన్ను పీకించడం మాత్రం తెల్లకణాలు, ప్లేట్‌లెట్ల సంఖ్య చూసి క్యాన్సరు డాక్టరు సరే అన్నాకే.

ఛాయాదర్శి (రేడియాలజిస్టు)

వీలైతే అదే సెంటరులో, అదే యంత్రం మీద, కాంట్రాస్ట్‌తో తీయించండి; అంతకుముందు క్రియాటినిన్ రిపోర్టు పట్టుకెళ్లండి. స్టెరాయిడ్ ఏమైనా వాడుతుంటే దాని మోతాదు, ఎప్పటినుంచి వాడుతున్నదీ స్లిప్పు మీద రాయించండి, ఎందుకంటే గడ్డ తగ్గుదలలో దాని వాటా ఎంతో తెలియకుండా కీమో ఫలితాన్ని అంచనా వేయలేం. రిపోర్టులో గడ్డ కొలతలనూ తిత్తి కొలతలనూ విడివిడిగా రాయమని అడగండి. గడ్డ కరిగిపోయాక కూడా తిత్తి అక్కడే, అంతే ఉంటుంది. రేపు ఎవరైనా కొత్త డాక్టరు ఆ నల్లని చోటు చూసి ఇంకా ఏదో మిగిలిందని కంగారు పెడితే చూపించడానికి ఆ కాగితం పనికివస్తుంది.